పిలకాయల పెంపకం, పెద్దల మనసు: ఆగి చూడొచ్చా, డాక్టరుకు చూపించాలా? – తరచుగా అడిగే ప్రశ్నలు

నెల్లూరులో అయినా ఒంగోలులో అయినా, తల్లిదండ్రుల సమావేశం అయిపోయి మైకు ఆపేశాకే అసలు ప్రశ్నలు మొదలవుతాయి. చెప్పులు వేసుకుంటూ, ఆటో కోసం నిలబడి, "ఒక్క మాట అడగాలి" అంటూ గొంతు తగ్గిస్తారు. ఊరు మారినా అడిగేవి ఇంచుమించు ఇవే. వాటి అడుగున ఉన్న అనుమానమూ ఒకటే: ఇది దానంతటదే పోతుందా, ఎవరికైనా చూపించాలా? అందుకని ఇంట్లో ఏం చేయొచ్చో, ఎప్పటిదాకా ఆగొచ్చో చెప్పడం మీదే ఈ జవాబుల్లో ఎక్కువ దృష్టి పెట్టాను. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్ళండి. మందుల పేర్లు, మోతాదులు ఇక్కడ ఉండవు. అవి మనిషిని చూసి డాక్టరు చెప్పాల్సినవి.

## కాన్పయిన కొత్తలో

పుట్టింటికి వచ్చిన మా అమ్మాయి కాన్పయిన మూడో రోజు నుంచి ఊరికే ఏడుస్తోంది. దిష్టి తగిలిందా, బలహీనతా?

కాన్పు కాగానే ఒంట్లో హార్మోన్లు ఒక్కసారిగా పడిపోతాయి. దానికి నిద్రలేమి, కుట్ల నొప్పి, పాలు చాలడం లేదేమోనన్న బెంగ తోడవుతాయి. కారణం లేకుండా కన్నీళ్ళు రావడం, చిన్న మాటకే చిరాకు పడటం చాలామంది బాలింతల్లో కనిపిస్తాయి. సాధారణంగా రెండు వారాల లోపే తగ్గిపోతాయి. ఆ రెండు వారాలూ ఆమెకు ముందు కావలసింది నిద్ర. పాలివ్వడం తప్ప మిగతా పనులన్నీ ఇంకొకరు చేయొచ్చు, బిడ్డ తండ్రితో సహా. దిష్టి తీస్తే తీయండి, నష్టం లేదు. పథ్యం పేరుతో నీళ్ళు, కూరలు మాన్పించడం మాత్రం వద్దు.

రెండు వారాలు దాటినా ఏడుపు ఆగకపోయినా, బిడ్డ పడుకున్నప్పుడు కూడా తల్లికి నిద్ర పట్టకపోయినా ఆసుపత్రికి తీసుకెళ్ళండి. రక్తహీనత, థైరాయిడ్ పరీక్షలు కూడా చేయించండి. ఎవరివో మాటలు వినిపిస్తున్నాయనో, ఈ బిడ్డ తన బిడ్డ కాదనో అంటే ఒక్క రోజు కూడా ఆగొద్దు. అది అరుదైన జబ్బు, త్వరగా వైద్యం మొదలుపెడితే బాగా తగ్గుతుంది. ఆసుపత్రికి చేరేదాకా తల్లినీ బిడ్డనూ ఒంటరిగా వదలకండి.

పిల్లల కోసం నెల్లూరు రొట్టెల పండగలో, స్వర్ణాల చెరువులో సంతాన రొట్టె పట్టుకున్నదాన్ని. ఇప్పుడు బిడ్డను ఎత్తుకోవాలనే అనిపించడం లేదు. నేనసలు తల్లినేనా?

తల్లే. ఏళ్ళ తరబడి ఎదురుచూసి కన్నవాళ్ళకు ఈ బాధ ఇంకా ఎక్కువ. "అంత మొక్కుకుని కన్నావు, ఇంకేం కావాలి?" అంటారని ఎవరికీ చెప్పుకోలేరు. బిడ్డను చూడగానే ప్రేమ పొంగుకు రావాలన్న నియమం ఏమీ లేదు, కొందరికి వారాలు పడుతుంది. అయితే దేని మీదా ఆసక్తి లేకపోవడం, నేను దేనికీ పనికిరాననిపించడం రెండు వారాలకు మించి ఉంటే అది కాన్పు తర్వాత వచ్చే డిప్రెషన్ కావచ్చు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం కాన్పయిన ఆడవాళ్ళలో సుమారు 13 శాతం మందికి ఏదో ఒక మానసిక సమస్య వస్తుంది, అందులో ఎక్కువ భాగం డిప్రెషనే. బిడ్డకు టీకా వేయించడానికి వెళ్ళినప్పుడు ఏఎన్ఎమ్‌కో, కాన్పు చేసిన డాక్టరుకో ఈ మాట నన్ను అడిగినట్టే అడగండి.

పాలిచ్చే తల్లి డిప్రెషన్ మాత్రలు వేసుకుంటే బిడ్డకు దిగవా?

కొన్ని మందులు పాలలోకి చాలా కొద్దిగా మాత్రమే వెళ్తాయి, డాక్టర్లు వాటినే ఎంచుకుంటారు. పాలిస్తున్నానని ముందే చెప్పండి. మీకై మీరు పాలు మాన్పించవద్దు, మాత్రలూ మానొద్దు.

## మాటలు వచ్చే వయసు నుంచి బడిలో వేసే దాకా

మావోడికి రెండేళ్ళు నిండాయి, ఇంకా మాటల్లేవు. వాళ్ళ నాయనకు కూడా లేటుగానే వచ్చాయంట. ఆగమంటున్నారు, ఆగొచ్చా?

ఆగొద్దు. ఏడాది నిండేసరికి బిడ్డ పేరు పెట్టి పిలిస్తే తిరిగి చూడాలి. ఏడాదిన్నర లోపు కావలసినదాన్ని వేలు పెట్టి చూపించాలి, విడి మాటలు కొన్ని రావాలి. రెండేళ్ళకు "అమ్మా పాలు", "తాత పోయాడు" లాంటి జంట మాటలు రావాలి. మగపిల్లలకు మాటలు కాస్త ఆలస్యమవుతాయన్నది కొంతవరకు నిజమే. ఆ తేడా కొద్ది వారాలో నెలలో ఉంటుంది తప్ప ఏళ్ళు కాదు. ముందు వినికిడి పరీక్ష చేయించండి. గిన్నె పడితే ఉలిక్కిపడుతున్నాడు కాబట్టి చెవులు బాగానే ఉన్నాయని అనుకోవద్దు, పెద్ద చప్పుళ్ళు వినపడి మాటలు స్పష్టంగా వినపడని పిల్లలుంటారు. తర్వాత పిల్లల డాక్టరుకు చూపించండి.

అన్నిటికంటే గట్టిగా చెప్పేది ఇది: బిడ్డ కళ్ళలోకి చూడకపోయినా, పిలిస్తే పలకకపోయినా, వచ్చిన మాటలు పోయినా ఏ వయసైనా సరే ఆ వారంలోనే వెళ్ళండి. ఆటిజం అయితే శిక్షణ ఎంత చిన్న వయసులో మొదలైతే అంత మేలు. మూడేళ్ళు ఎదురుచూసి వచ్చే నాయనమ్మలు "మా వంశంలో ఇంతే" అని చెబుతుంటారు. వంశం సంగతి తర్వాత, ఆ మూడేళ్ళు తిరిగి రావు. శిక్షణకు డబ్బు లేదనుకుంటే ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం ప్రభుత్వ సమగ్ర శిక్ష పథకం కింద నడిచే భవిత కేంద్రాల గురించి మీ మండలంలో, లేదా అంగన్‌వాడీలో అడగండి.

ఫోను చూపిస్తే గానీ ముద్ద మింగడం లేదు. ఎంతసేపు చూడనివ్వొచ్చు?

రెండేళ్ళ లోపు పిల్లలకు అసలు వద్దన్నది మన దేశ పిల్లల వైద్యుల సంఘం సలహా. దూరాన ఉన్న నాయనతో వీడియో కాల్ మాట్లాడటం ఇందులోకి రాదు. రెండు నుంచి అయిదేళ్ళ మధ్య రోజుకు గంట మించకూడదు. అన్నం పెట్టేటప్పుడు ఫోను ఆపేస్తే మూడు నాలుగు రోజులు గోల తప్పదు, తిండి కూడా తగ్గుతుంది. ఆరోగ్యంగా ఉన్న బిడ్డ ఆకలి వేస్తే తింటాడు. అరగంటలో పళ్ళెం తీసేయండి, మధ్యలో బిస్కెట్లు ఇవ్వకండి. అసలు కష్టం ఇంట్లో పెద్దవాళ్ళు ఫోను పక్కన పెట్టి కూర్చోవడం దగ్గరే వస్తుంది.

చిన్నబజారులో బొమ్మ కొనివ్వలేదని రోడ్డు మీద పడి దొర్లాడు. పరువు పోయింది. ఏం చేయాలి?

ఒకటి నుంచి నాలుగేళ్ళ మధ్య ఇది మామూలే. కోపాన్ని మాటల్లో చెప్పడం వాళ్ళకింకా రాదు. బండ్లు తిరిగే చోటైతే ఎత్తుకుని పక్కకు తీసుకెళ్ళండి, దగ్గరే నిలబడండి, మాట్లాడకండి. తగ్గాక నీళ్ళిచ్చి, "బొమ్మ కావాలని కోపం వచ్చింది కదా" అని ఒక్క మాట అనండి. బొమ్మ మాత్రం కొనొద్దు. చూసేవాళ్ళ కోసం ఇవాళ కొన్నారంటే రేపు ఇంకాస్త గట్టిగా దొర్లాలని వాడికి మీరే నేర్పినట్టు. అయిదేళ్ళు దాటినా రోజూ ఇలాగే ఉంటే, తనను తాను కొట్టుకుంటుంటే చూపించండి.

నాలుగు దెబ్బలు వేయకపోతే పిలకాయలు మాట వింటారా? మేం తిన్లేదా?

తిన్నారు. ఆ దెబ్బలు ఎందుకు పడ్డాయో మీలో చాలామందికి గుర్తుండదు, కొట్టిన చెయ్యి గుర్తుంటుంది. దెబ్బ ఆ నిమిషానికి పని చేస్తుంది. దొరక్కుండా చేయడం, అబద్ధం చెప్పడం దాని వెనకే వస్తాయి. చెప్పిన మాట మీద నిలబడటం దెబ్బ కంటే కష్టం. "హోంవర్కు కాకపోతే ఇవాళ టీవీ లేదు" అంటే, చుట్టాలు వచ్చినా సరే లేదనే ఉండాలి. అమ్మ వద్దన్నదాన్ని నాయన ఇవ్వకూడదు. బడిలో కొట్టడాన్ని విద్యాహక్కు చట్టం నిషేధించింది, కాబట్టి "మా వాణ్ణి రెండు వేయండి సార్" అని మేష్టారికి అనుమతులు ఇవ్వకండి.

## బడి వయసు

పాపకు ఏడేళ్ళు. ఇంకా పక్క తడుపుతోంది. కావాలనే చేస్తోందా?

నిద్రలో జరిగేది ఎవరూ కావాలని చేయరు. చిన్నప్పుడు మీకో మీ ఆయనకో ఇదే ఉండి ఉండొచ్చు, వంశపారంపర్యంగా వస్తుంది. రాత్రి భోజనం తర్వాత నీళ్ళు తగ్గించండి, పడుకునే ముందు బాత్రూముకు పంపండి, మలబద్ధకం ఉంటే తగ్గేలా చూడండి. తిట్టడం, తోబుట్టువుల ముందు ఎగతాళి చేయడం వద్దు. ఏడేళ్ళు వచ్చాయి కాబట్టి ఒకసారి డాక్టరుకు చూపించండి, మంచి చికిత్సలున్నాయి. ఆర్నెల్లో ఏడాదో పొడిగా ఉండి మళ్ళీ కొత్తగా మొదలైతే త్వరగా వెళ్ళండి. మూత్రంలో ఇన్ఫెక్షన్, షుగర్, బడిలోనో ఇంట్లోనో ఏదో భయం, ఇవన్నీ చూడాల్సి ఉంటుంది.

మేమిద్దరం బెంగుళూరులో బేల్దారి పని. పిల్లలు కనిగిరి దగ్గర నాయనమ్మ దగ్గరుంటారు. ఫోను చేస్తే బిడ్డ మాట్లాడటం లేదు.

అలిగి ఉంటుంది. వెళ్ళిపోయినవాళ్ళ మీద కోపాన్ని పిల్లలు మౌనంగానే చూపిస్తారు. రోజూ ఒకే వేళకు ఫోను చేయండి, ఆ వేళ తప్పనివ్వకండి. "బాగా చదువుతున్నావా?" కాకుండా ఇవాళ బడిలో గుడ్డు పెట్టారా, ఎవరితో ఆడుకున్నావు అని అడగండి. మాట్లాడకపోతే మీరే మీ సంగతులు చెప్పండి, వింటుంది. వస్తామన్న రోజుకు రాలేకపోతే పండగ ముందురోజు కాదు, తెలిసిన రోజే చెప్పండి. నాయనమ్మతో కూడా విడిగా మాట్లాడండి. ఆమె అలసట ఎవరికీ పట్టదు. బిడ్డ తిండి తగ్గించినా, బడికి పోనన్నా, తరచూ కడుపునొప్పి అంటున్నా ఒకరైనా వచ్చి కొన్నాళ్ళుండాలి.

మావోడు తెలివైనోడే గానీ చదవమంటే కూడబలుక్కుంటాడు, అక్షరాలు తారుమారు చేస్తాడు. టీచరు మొద్దు అంటోంది.

నోటి లెక్కలు చకచకా చేసి, కథ చెబితే మర్చిపోకుండా, చదవడం రాయడం దగ్గరే ఆగిపోయే పిల్లల్లో డిస్లెక్సియా ఉండొచ్చు. ముందు కళ్ళు, చెవులు పరీక్ష చేయించండి. తర్వాత సైకాలజిస్టు పరీక్ష. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం ఇలాంటి నేర్చుకోవడంలో ఇబ్బందులను కూడా గుర్తించింది. ధ్రువపత్రం ఉంటే పరీక్షల్లో అదనపు సమయం వంటి వెసులుబాట్లు దొరుకుతాయి. ఇంకో ట్యూషన్ పెట్టడం దీనికి మందు కాదు.

పాప ఒక చుట్టం పేరెత్తితేనే ఒణికిపోతోంది. ఏమైందో అడిగితే చెప్పడం లేదు.

గుచ్చి గుచ్చి అడగకండి. "నువ్వేం చెప్పినా నిన్ను తిట్టను" అని చెప్పి పక్కన కూర్చోండి. ముందు ఆ మనిషి పాపకు ఎదురుపడకుండా చూడండి. చెప్పినప్పుడు నమ్మండి. "ఆయన అలాంటివాడు కాదే" అన్న ఒక్క మాటతో పాప నోరు శాశ్వతంగా మూతపడుతుంది. 1098కి ఫోను చేస్తే పిల్లల సహాయ విభాగం వాళ్ళు దారి చెబుతారు. లైంగిక వేధింపు అయితే 2012 పోక్సో చట్టం ప్రకారం, తెలిసినవాళ్ళు పోలీసులకు చెప్పి తీరాలి. బిడ్డ పేరు, ఫోటో బయటపెట్టడం నేరం. పరువు కోసం చుట్టాల మధ్య పంచాయితీ పెట్టి ముగించడం పాపకు రెండోసారి చేసే అన్యాయం.

## ఇంటర్, హాస్టలు, పరీక్షలు

నెల్లూరులో రెసిడెన్షియల్ కాలేజీలో చేర్పించాం. ఉండలేను, తీసుకుపొమ్మంటున్నాడు. ఫీజు కట్టేశాం. నాటకమా నిజమా?

మొదటి మూడు నాలుగు వారాలు ఇంటి మీద బెంగ మామూలే. ఆదివారం వెళ్ళి కలిసినప్పుడు ఏడ్చి, సోమవారానికి స్నేహితులతో కలిసిపోయే పిల్లవాడు నెమ్మదిగా సర్దుకుంటాడు. అలా సర్దుకోనివాణ్ణి గుర్తుపట్టాలి. బరువు తగ్గాడా? నిద్ర పడుతోందా? బట్టలు మార్చుకుంటున్నాడా? ఇంతకుముందు ఇష్టపడిన క్రికెట్ సంగతి ఎత్తినా ముఖం మారడం లేదా? ఫోనులో పక్కన వార్డెన్ నిలబడి ఉంటే పిల్లవాడు నిజం చెప్పడు, కాబట్టి బయటికి తీసుకెళ్ళి, టిఫిన్ పెట్టించి, "ఏం జరుగుతోంది?" అని అడగండి. "ఎందుకు చదవలేకపోతున్నావు?" అని కాదు. సీనియర్ల వేధింపు, మార్కుల ప్రకారం సెక్షన్ మార్చి అందరి ముందూ అవమానించడం, అయిదు గంటల నిద్ర, ఇవన్నీ చదువు సమస్యలాగే బయటికి కనిపిస్తాయి. ఈ వయసుకు రోజుకు ఎనిమిది నుంచి పది గంటల నిద్ర కావాలి.

ఒక సంగతి చాలామంది తల్లిదండ్రులకు తెలియదు. విశాఖపట్నంలో నీట్‌కు చదువుతున్న విద్యార్థిని మరణం కేసులో 2025 జులైలో సుప్రీంకోర్టు విద్యాసంస్థలకు మార్గదర్శకాలు ఇచ్చింది. 100 మంది లేదా అంతకంటే ఎక్కువ విద్యార్థులున్న సంస్థలో అర్హత ఉన్న కౌన్సెలర్ కనీసం ఒకరుండాలి. మార్కులను బట్టి బ్యాచ్‌లు విడదీయకూడదు, బహిరంగంగా అవమానించకూడదు. సహాయ నంబర్లు హాస్టల్లో కనిపించేలా రాయాలి. మీ కాలేజీలో కౌన్సెలర్ ఎవరని మర్యాదగా, రాతపూర్వకంగా అడగండి. అడిగే తల్లిదండ్రులు నలుగురున్న చోట జవాబు త్వరగా వస్తుంది.

నెల దాటినా మార్పు లేకపోతే ఇంటి దగ్గర డే స్కాలర్‌గా చేర్చండి. కట్టిన ఫీజు పోతుంది. పోనివ్వండి.

ఇంటర్ ఫలితాలు వచ్చే రోజు ఇంట్లో ఎలా ఉండాలి?

ఆ రోజు ఒకరు పనికి పోకుండా ఇంట్లో ఉండండి. ఫలితం ఫోనులో చూసేటప్పుడు బిడ్డ ఒంటరిగా గదిలో ఉండకుండా చూడండి. చుట్టాల ఫోన్లు మీరే ఎత్తి, "తర్వాత మాట్లాడతాం" అనండి. ఫెయిలైతే సప్లిమెంటరీ ఉంది, అనుమానముంటే రీవెరిఫికేషన్ ఉంది. ఆ సంగతులు రేపు మాట్లాడొచ్చు, ఇవాళ అన్నం తినిపించండి. పక్కింటి అమ్మాయి మార్కులు ఆ ఇంటివే.

"చచ్చిపోతాను" అంటున్నాడు. బెదిరిస్తున్నాడా? ఆ మాటే ఎత్తకుండా ఉంటే మేలా?

బెదిరింపు అనుకుని వదిలేయకండి. నిదానంగా, సూటిగా అడగండి: "నీకు చనిపోవాలని ఆలోచనలు వస్తున్నాయా?" అడిగినందువల్ల లేని ఆలోచన పుట్టదు, పైగా చెప్పుకోవడానికి దారి దొరుకుతుంది. వినండి, ఉపన్యాసం వద్దు, ఒట్లు వేయించుకోవద్దు. ఒంటరిగా వదలకండి. మిరప, పొగాకు, వరి సాగుచేసే ఇళ్ళల్లో పురుగుమందులు వసారాలోనే ఉంటాయి. వాటిని ఇవాళే ఇంట్లోంచి తీసి, తాళం వేసిన చోట పెట్టండి. ఆ ఆవేశం చాలామందిలో కొద్దిసేపటికి తగ్గుతుంది, ఆ కొద్దిసేపట్లో చేతికి ఏమీ అందకపోతే ప్రాణం నిలుస్తుంది. ప్రభుత్వ మానసిక సహాయ నంబరు టెలీ మానస్ 14416కు ఏ వేళైనా ఫోను చేయొచ్చు, తెలుగులో మాట్లాడతారు. ప్రయత్నం ఇప్పటికే జరిగితే 108. పోలీసు కేసు భయంతో ఆసుపత్రికి ఆలస్యం చేయొద్దు. 2017 మానసిక ఆరోగ్య చట్టం అలాంటి మనిషిని తీవ్ర ఒత్తిడిలో ఉన్నవాడిగానే చూడమంటుంది.

పదిహేడేళ్ళ అమ్మాయి ఎవరితోనో ఫోనులో మాట్లాడుతోంది. పరువు పోకముందే పెళ్ళి చేసేద్దామనుకుంటున్నాం.

చేయకండి. 18 నిండకుండా చేస్తే అది నేరం, చేసినవాళ్ళు, చేయించినవాళ్ళు కూడా జైలుకు వెళ్ళొచ్చు. ఫోను లాక్కుని, చదువు మాన్పిస్తే ఆ అబ్బాయి ఒక్కడే తన మాట వినేవాడని అమ్మాయికి రుజువవుతుంది. అమ్మో, అత్తో, అమ్మాయికి చనువున్నవాళ్ళు ఎవరో ఒకరు కూర్చుని మాట్లాడాలి: వాడి వయసెంత, డబ్బు గానీ ఫోటోలు గానీ అడిగాడా? ఫోటోలతో బెదిరిస్తుంటే తప్పు మీ అమ్మాయిది కాదని ముందు చెప్పి, 1930 సైబర్ నంబరుకు ఫోను చేయండి.

## ఆలుమగల మధ్య

విడవలూరు దగ్గర మా రొయ్యల గుంటలు వైరస్ వచ్చి పోయాయి. ఆ తర్వాత మా ఆయన పలకడు, తినడు, రాత్రంతా మేలుకునే ఉంటాడు. ధైర్యం చెప్పినా వినడం లేదు.

మగవాళ్ళ డిప్రెషన్ చాలా ఇళ్ళల్లో ఏడుపుగా బయటపడదు. మౌనంగానో, కోపంగానో, తాగుడుగానో కనిపిస్తుంది. నష్టం వచ్చిన బాధ సహజమే. రెండు వారాలు దాటినా నిద్ర, తిండి, పని మీద మనసు మూడూ పోతే అది జబ్బు, దానికి మందు ఉంది. "ధైర్యంగా ఉండు" అనే మాట ఆయన ఇప్పటికే ఊళ్ళో అందరి దగ్గరా విని ఉంటాడు. బదులుగా అప్పుల కాగితాలన్నీ ఇద్దరూ ముందేసుకుని ఎవరికి ఎంత, ఎప్పటికి అని రాయండి. తలలో తిరిగే లెక్క కాగితం మీదికి వస్తే కొంత బరువు దిగుతుంది. పిచ్చి డాక్టరు దగ్గరికి రానంటే నిద్ర కోసమని చెప్పి తీసుకెళ్ళండి, అది అబద్ధం కాదు. "నేను పోతే మీరు సుఖపడతారు" లాంటి మాట నోట వస్తే ఆ రోజే వెళ్ళండి.

మా ఆయన చేత రేపటి నుంచి తాగుడు పూర్తిగా మాన్పించాలని ఒట్టు వేయించుకున్నా. సరిపోతుందా?

ఏళ్ళ తరబడి రోజూ తాగే మనిషి ఒక్కసారిగా ఆపితే రెండు మూడు రోజుల్లో చేతుల వణుకు, ఫిట్స్, మతి తప్పి మాట్లాడటం రావొచ్చు, ప్రాణం మీదికి కూడా వస్తుంది. డాక్టరు సాయంతోనే ఆపించాలి. ఆయనకు తెలియకుండా మజ్జిగలో కలిపే మందులు కొనకండి, ప్రమాదం. మత్తు మాన్పించే జాతీయ సహాయ నంబరు 14446.

పిల్లల ముందు గొడవ పడకూడదంటారు. రెండు గదుల ఇంట్లో ఎట్టా కుదురుతుంది?

కుదరదు. గొడవ చూసిన పిల్లలు రాజీని కూడా చూడాలి, అంతే. పొద్దున వాళ్ళ ముందే మామూలుగా మాట్లాడుకోండి. "అమ్మ పక్షమా, నాయన పక్షమా?" అని మాత్రం ఎప్పుడూ అడగకండి. చెయ్యి చేసుకోవడం వేరే సంగతి, దాన్ని గొడవ అనరు. మహిళల సహాయ నంబరు 181కి ఫోను చేయండి. 2005 గృహహింస చట్టం కింద అదే ఇంట్లో ఉంటూ రక్షణ కోరవచ్చు.

## డాక్టరు, మందులు, ఊళ్ళో మాట

మా తమ్ముడు తనలో తానే మాట్లాడుకుంటున్నాడు, అందరూ చంపాలని చూస్తున్నారంటాడు. గాలి అంటున్నారు. ఏఎస్ పేట దర్గాలో కొన్నాళ్ళు ఉంచుదామా?

దర్గాకు వెళ్ళండి, గుడికీ వెళ్ళండి. నమ్మకం మీకు బలమిస్తే దాన్ని ఎవరూ తప్పుపట్టరు. ఆసుపత్రికి వెళ్ళడం దానితో పాటే జరగాలి, దాని తర్వాత కాదు. ఇలాంటి జబ్బులు ఎక్కువగా కుర్రతనంలోనే మొదలవుతాయి, వైద్యం ఎంత ఆలస్యమైతే కోలుకోవడం అంత కష్టం. ఎక్కడున్నా మాత్రలు ఆపొద్దు, ఎవరూ కట్టేయకూడదు. తమిళనాడులోని ఎర్వాడి దర్గా దగ్గర 2001 ఆగస్టులో గొలుసులతో కట్టి ఉంచిన 28 మంది మానసిక రోగులు మంటల్లో చిక్కుకుని చనిపోయారు. 2017 మానసిక ఆరోగ్య చట్టం గొలుసులు వేయడాన్ని పూర్తిగా నిషేధించింది.

ఎక్కడికి వెళ్ళాలి? ఎంత ఖర్చవుతుంది?

బయల్దేరే ముందు మాట్లాడాలంటే టెలీ మానస్ 14416, ఉచితం. నేరుగా చూపించాలంటే నెల్లూరు ప్రభుత్వ పెద్దాసుపత్రి, ఒంగోలులో అందరూ రిమ్స్ అని పిలిచే ఆసుపత్రి. ఓపీ చీటీ రాయించేటప్పుడు మానసిక వైద్య విభాగం అని చెప్పండి. సైకియాట్రిస్టు మందులు రాసే డాక్టరు, సైకాలజిస్టు మాటలతో, శిక్షణతో చికిత్స చేస్తారు. చాలామందికి ఇద్దరూ అవసరమవుతారు.

ఈ మాత్రలు మొదలుపెడితే జీవితాంతం వాడాలంట కదా?

జబ్బును బట్టి ఉంటుంది. డిప్రెషన్ మందులు పని చేయడానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది, బాగయ్యాక కూడా కనీసం ఆర్నెల్లు వాడమంటారు. వాటికి మత్తు అలవాటు ఉండదు, అయినా హఠాత్తుగా ఆపకూడదు. అలవాటయ్యేవి నిద్ర మాత్రలు. మందుల షాపులో పాత చీటీ చూపించి వాటిని కొనుక్కుంటూ పోవడమే చిక్కు.

అమ్మాయి డిప్రెషన్‌కు మందులు వాడుతోంది. బయటికి తెలిస్తే సంబంధాలు వస్తాయా? పెళ్ళయ్యేదాకా దాచొచ్చా?

డాక్టరు అమ్మాయి అనుమతి లేకుండా బయటివాళ్ళకు చెప్పకూడదు, అది చట్టం. ఊరికీ చుట్టాలకూ మీరు చెప్పాల్సిన పని లేదు. పెళ్ళిచూపుల్లోనే చెప్పనక్కర్లేదు గానీ, మాట ఖాయం కాకముందు అబ్బాయికి అమ్మాయే చెబితే మంచిది. దాచి చేస్తే ఏం జరుగుతుందో చూస్తూనే ఉన్నాం: అత్తారింట్లో ఎవరైనా చూస్తారని అమ్మాయి మాత్రలు మానేస్తుంది, నిద్ర చెడుతుంది, రెండు మూడు నెలల్లో జబ్బు తిరగబెడుతుంది, అప్పుడు జబ్బు కంటే మోసం అన్న మాట పెద్దదవుతుంది. కొన్ని సంబంధాలు వెనక్కి పోతాయి, నిజమే. పెళ్ళి తేదీ పెట్టుకున్నాక డాక్టరును ఒకసారి కలిసి, బిడ్డల గురించి ఆలోచించేటప్పుడు మందులు మార్చాలా అని అడగండి. చీటీలన్నీ ఒక ఫైల్లో పెట్టి అమ్మాయి చేతికే ఇవ్వండి, కొత్త ఊళ్ళో డాక్టరు ముందు అడిగేది అవే.